పార్ట్ 12 ఎవరూ ఎందుకు చూడటం లేదు? గేమింగ్ ఛానెల్ కోసం ఉద్యోగం మానాలనుకుంటున్న పాఠకుడికి సమాధానం

ప్రశ్న: నా వయసు 24. పగలు ఉద్యోగం, రాత్రి యూట్యూబ్‌లో గేమింగ్ ఛానెల్. 14 నెలల్లో 86 వీడియోలు పెట్టాను. 740 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. గత 12 నెలల వాచ్ టైమ్ 1,900 గంటలు. ఎక్కువగా ఒకే సర్వైవల్ (ప్రమాదాల మధ్య బతికి బయటపడే) గేమ్ ఆడి భాగాలుగా పెడుతుంటాను. వారానికి రెండు లైవ్‌లు కూడా చేస్తాను. అన్నీ కలిపి వారానికి 15 గంటలు పడుతోంది. పార్ట్ 1కి 900 వ్యూస్ వస్తే పార్ట్ 12కి 60 కూడా దాటడం లేదు. మధ్యలో ఒక వీడియోకి కాపీరైట్ క్లెయిమ్ వస్తే భయపడి డిలీట్ చేశాను. ఉద్యోగం మానేసి ఒక ఏడాది పూర్తిగా దీని మీదే కూర్చుంటే నిలదొక్కుకోగలనా? కొత్త కంప్యూటర్, కెమెరా కొనాలా?

జవాబు: ఉద్యోగం ఇప్పుడు మానకండి. మీకు ప్రతిభ లేదని కాదు. వారానికి 15 గంటలు పెట్టి చేస్తున్న పద్ధతిలోనే లోపం ఉంది కాబట్టి, 45 గంటలు పెడితే అదే లోపం మూడింతలవుతుంది. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన అంకె 740 కాదు, 1,900 కూడా కాదు. 900 నుంచి 60కి పడిపోయిన ఆ వరుస. దాన్ని సరిచేయకుండా నెలజీతం వదులుకుంటే అది నేల విడిచి సాము చేయడమే.

ఆ పతనం ఎందుకో చూద్దాం. పార్ట్ 12 చూడాలంటే పార్ట్ 11 చూసి ఉండాలి. పార్ట్ 11 చూడాలంటే పార్ట్ 10. ఒక్కో మెట్టు దగ్గర కొందరు దిగిపోతారు, మధ్యలో కొత్తగా ఎక్కేవాళ్లు ఎవరూ ఉండరు. హోమ్ పేజీలో మీ వీడియో కనిపించిన కొత్త ప్రేక్షకుడికి "పార్ట్ 12" అన్న మాట "ఇది నీ కోసం కాదు, ముందు పదకొండు చూసి రా" అన్నట్టే వినిపిస్తుంది. వాళ్లు నొక్కరు. నొక్కకపోతే యూట్యూబ్ ఇంకొకరికి చూపించడం తగ్గిస్తుంది. అప్పటికే పెద్ద పేరున్న ఛానెళ్లకు సిరీస్‌లు నడుస్తాయి, ఎందుకంటే వాళ్ల ప్రేక్షకులు మనిషి కోసం వస్తారు. మీ దగ్గరికి ఇంకా ఎవరూ మనిషి కోసం రావడం లేదు. ఆట కోసమో, ఒక సందేహం తీరడం కోసమో వస్తున్నారు.

కాబట్టి ప్రతి వీడియో దానంతట అది నిలబడాలి. దానికి సులువైన దారి, ఆడటం మొదలుపెట్టక ముందే ఒక షరతు గానీ ఒక ప్రశ్న గానీ పెట్టుకోవడం. "ఒక్క చెట్టు కూడా నరకకుండా 100 రోజులు బతకొచ్చా?", "ఈ మ్యాప్‌లో అందరూ వదిలేసే ఆయుధంతోనే చివరి బాస్‌ను కొట్టొచ్చా?" లాంటివి. ఇలా పెట్టుకుంటే ముగింపు ఏమిటో తెలుసుకోవాలన్న ఆసక్తి టైటిల్‌లోనే పుడుతుంది. పన్నెండు భాగాలకు సరిపోయే పది గంటల ఆట నుంచి 15–18 నిమిషాల ఒక్క వీడియో తయారవుతుంది. ఎడిటింగ్ పని పెరుగుతుంది, నిజమే. కానీ 60 మంది చూసే పదో భాగం, పదకొండో భాగం, పన్నెండో భాగం ఎడిట్ చేసే పని పోతుంది కదా.

అన్నీ ఇలాంటి సవాళ్లే అయితే చిన్న ఛానెల్‌కు కష్టం, ఎందుకంటే అవి హోమ్ పేజీ సిఫార్సుల మీద ఆధారపడతాయి. సెర్చ్‌లో దొరికే వీడియోలు పక్కన ఉండాలి. ఆటలో ఎక్కడ జనం ఇరుక్కుంటారో అక్కడే సెర్చ్ ఉంటుంది: ఫలానా తాళం ఎక్కడ దొరుకుతుంది, కొత్త అప్‌డేట్ తర్వాత ఈ బిల్డ్ (ఆయుధాలు, నైపుణ్యాల కూర్పు) ఎందుకు పనిచేయడం లేదు, ఫ్రేమ్‌రేట్ పడిపోతే ఏ సెట్టింగ్ తగ్గించాలి. మొదటి మూడు నాలుగు నెలలు రెండు సెర్చ్ వీడియోలకు ఒక సవాలు వీడియో చొప్పున పెట్టండి. సెర్చ్ వీడియోలో జవాబు మొదటి నిమిషంలోనే చెప్పేయాలి. చివరిదాకా దాచిపెడితే చూసేవాడు వెనక్కి వెళ్లి పక్క వీడియో తెరుస్తాడు. పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు, తర్వాతి రెండు మూడు రోజులు చిన్న ఛానెల్‌కు దొరికే అరుదైన అవకాశం. ఆ ప్రశ్నకు జవాబిచ్చిన పాత వీడియోలేవీ అప్పటికి ఉండవు. అప్‌డేట్‌లో ఏం మారిందో చెప్పే ప్యాచ్ నోట్స్ చదివి అందులో ఆటగాళ్లను ఇబ్బంది పెట్టే మార్పు ఒక్కటి పట్టుకోండి. మొత్తం జాబితా చదివి వినిపించే వీడియోలు ఎలాగూ యాభై వస్తాయి.

ఇక మొదటి ముప్పై సెకన్లు. యూట్యూబ్ స్టూడియోలో మీ వీడియోల రిటెన్షన్ గ్రాఫ్, అంటే ఏ సెకను దగ్గర ఎంతమంది ఇంకా చూస్తున్నారో చెప్పే గీత, తెరిచి చూడండి. మొదటి అరనిమిషంలో గీత గోడలా నిలువుగా పడితే, టైటిల్‌లోనూ థంబ్‌నెయిల్‌లోనూ చెప్పింది తెర మీద కనిపించలేదని అర్థం. "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ బ్యాక్", తర్వాత ఛానెల్ లోగో యానిమేషన్, తర్వాత లోడింగ్ స్క్రీన్ అంటే ఆదిలోనే హంసపాదు. మొదటి వాక్యంలో షరతు చెప్పండి, రెండో వాక్యంలో ఓడితే ఏం పోతుందో చెప్పండి, వెంటనే ఆటలోకి దిగండి. ఆ తర్వాత గీత నెమ్మదిగా వాలడం మామూలే, దానికి బెంగ వద్దు. మధ్యలో ఒక్కసారిగా తెగి పడితే ఆ సెకను దగ్గర ఏం జరిగిందో చూడండి. చాలాసార్లు అక్కడ "సరే, ఇప్పటికి ఇది అయిపోయింది" లాంటి ముగింపు మాట ఉంటుంది, లేదా సామాన్ల పెట్టె సర్దుకుంటూ నలభై సెకన్లు గడిచి ఉంటాయి. గీత పైకి లేచిన చోట జనం వెనక్కి వెళ్లి మళ్లీ చూశారు. అది గొప్ప క్షణమైనా అయ్యుండాలి, లేదా మీరు చెప్పింది అర్థం కానంత వేగంగా చెప్పి ఉండాలి. రెండూ తెలుసుకోదగ్గవే.

మీ 15 గంటలు ఎలా ఖర్చవుతున్నాయో మీరు రాయలేదు. ఈ తరహా ఛానెళ్లలో సాధారణంగా ఏడెనిమిది గంటలు ఆటకే పోతాయి, ఐదు గంటలు లైవ్‌కు, మిగిలినది హడావిడి ఎడిటింగ్‌కు. థంబ్‌నెయిల్‌కు అప్‌లోడ్ అవుతుండగా పది నిమిషాలు. దీన్ని తిరగేయండి. రెండు గంటలు ఐడియా, టైటిల్, థంబ్‌నెయిల్ ఊహ. ఇవి రికార్డింగ్‌కు ముందే అయిపోవాలి. నాలుగు గంటలు రికార్డింగ్, ఆరు గంటలు ఎడిటింగ్, రెండు గంటల లైవ్ ఒక్కటి, ఒక గంట అంకెలు చూడటానికి, కామెంట్లకు. టైటిల్ ముందే రాయమనడం చాదస్తం కాదు. థంబ్‌నెయిల్‌లో ఏ దృశ్యం కావాలో తెలిస్తే ఆడేటప్పుడే దాన్ని శుభ్రంగా, మెనూలూ అంకెలూ తీసేసి పట్టుకోవచ్చు. తర్వాత వెతికితే అది దొరకదు.

థంబ్‌నెయిల్ 1280 బై 720 పిక్సెళ్లలో, ఒకే విషయం మీద చూపు నిలిచేలా ఉండాలి. అక్షరాలు పెడితే మూడు నాలుగు మాటలకు మించకూడదు, టైటిల్‌లో ఉన్న మాటలనే తిరిగి రాయకూడదు. కుడి కింది మూలన వీడియో నిడివి అంకెలు వచ్చి కూర్చుంటాయి, అక్కడ ఏదీ పెట్టకండి. చేశాక దాన్ని బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడండి. అర్థం కాకపోతే మళ్లీ చేయాలి. ఎంతమందికి కనిపిస్తే ఎంతమంది నొక్కారో చెప్పే శాతం, అదే సీటీఆర్, సగం ఛానెళ్లకు 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. వేరేవాళ్ల శాతంతో పోల్చుకోవద్దు. మీ పాత వీడియోలతోనే పోల్చండి. ఇంకో మాట: వీడియో ఎక్కువమందికి చేరే కొద్దీ ఈ శాతం పడుతుంది, ఎందుకంటే మీరెవరో తెలియని వాళ్లకు చూపిస్తున్నారు. వ్యూస్ పెరుగుతూ సీటీఆర్ తగ్గితే కంగారుపడి థంబ్‌నెయిల్ మార్చేయకండి.

లైవ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఐదుగురు చూస్తున్న లైవ్ కొత్త ప్రేక్షకులను పెద్దగా తేదు. ఉన్నవాళ్లను దగ్గర చేస్తుంది, అంతే. వారానికి ఒకటి చాలు. ఆ రికార్డింగ్‌ను పబ్లిక్‌గా ఉంచితే దాని గంటలు వాచ్ టైమ్‌లో కలుస్తాయి. దాచినా, డిలీట్ చేసినా పోతాయి.

కొనే విషయానికి వస్తే, కెమెరా వద్దు. మూలన చిన్న పెట్టెలో మీ ముఖం కనిపించకపోయినా జనం చూస్తారు. మాట బొంగురుగానో, కీబోర్డు టకటకల మధ్యనో వినిపిస్తే పది సెకన్లలో వెళ్లిపోతారు. డబ్బు పెట్టాల్సి వస్తే ముందు మైక్ మీద పెట్టండి. శబ్దాలు వినిపించే మామూలు గదికి డైనమిక్ రకం మైక్ నయం. కండెన్సర్ మైక్ సున్నితమైనది, ఫ్యాన్, కీబోర్డు, పక్క గది మాటలు అన్నీ పట్టేస్తుంది. మైక్ నోటికి 10–15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా పెట్టుకుంటే ప, ఫ, భ పలికినప్పుడు గాలి దెబ్బ కొట్టదు. మీరు గట్టిగా అరిచినప్పుడు కూడా మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా, మామూలు మాట మైనస్ 12 దగ్గర ఆడేలా గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే, తగ్గించే స్థాయి) పెట్టుకోండి. ఆటను రికార్డు చేసే, లైవ్ నడిపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో మైక్‌కు ఫిల్టర్లు ఈ వరుసలో వేయండి: ముందు వెనక మోతను తగ్గించే నాయిస్ సప్రెషన్, తర్వాత గట్టి, మెల్లని మాటల మధ్య తేడా తగ్గించే కంప్రెసర్ 3:1 లేదా 4:1 నిష్పత్తిలో, చివర శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్. వరుస తప్పి కంప్రెసర్ ముందుకొస్తే అది ఫ్యాన్ మోతను కూడా పైకి లేపుతుంది, తర్వాత దాన్ని తీయడం కష్టమవుతుంది.

కంప్యూటర్ మార్చే ముందు మీ సమస్య నిజంగా కంప్యూటరేనా అని తేల్చుకోండి. ఓబీఎస్‌లో స్టాట్స్ అనే ప్యానెల్ ఉంటుంది. అందులో మూడు వేర్వేరు లెక్కలు కనిపిస్తాయి. రెండరింగ్ లాగ్ పెరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డు మొత్తాన్ని ఆటే మింగేస్తోంది. ఆటలో ఫ్రేమ్‌రేట్‌కు 60 దగ్గర కళ్లెం వేసి, నీడలు, ప్రతిబింబాలు ఒక మెట్టు తగ్గించండి. విండోస్‌లో ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినా చాలాసార్లు సర్దుకుంటుంది. ఎన్‌కోడింగ్ లాగ్, అంటే వీడియోను కుదించే పనిలో వెనకబాటు, పెరుగుతుంటే ప్రాసెసర్ మీద నడిచే ఎక్స్264 బదులు గ్రాఫిక్స్ కార్డులో ఉన్న ఎన్‌కోడర్, అంటే ఎన్విడియా అయితే ఎన్వెంక్, ఎంచుకోండి. డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరుగుతుంటే అది నెట్ సమస్య. వైఫై వదిలి కేబుల్ పెట్టండి, అప్‌లోడ్ వేగంలో నాలుగింట మూడొంతులకు మించి బిట్‌రేట్ (వీడియోకు సెకనుకు పట్టే డేటా) పెట్టకండి. ఈ మూడో సమస్యకు కొత్త కంప్యూటర్ కొని, అదే సమస్యతో మళ్లీ కూర్చునేవాళ్లు తక్కువేమీ లేరు.

రికార్డింగ్‌కు స్థిరమైన బిట్‌రేట్ కాకుండా, నాణ్యతను స్థిరంగా ఉంచే సీక్యూపీ పద్ధతి ఎంచుకుని విలువ 20 దగ్గర పెట్టండి. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది, ఫైలు బరువెక్కుతుంది. సగటున సెకనుకు 40 మెగాబిట్లు పడితే గంటకు 18 గిగాబైట్లు అవుతుంది. డిస్కులో చోటు ముందే చూసుకోండి. ఫైలు రకం ఎంకేవీ పెట్టండి. మామూలు ఎంపీ4లో రికార్డు చేస్తుండగా కరెంటు పోయినా, ఆట క్రాష్ అయి కంప్యూటర్ ఆగిపోయినా ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోతుంది. ఎంకేవీ అయితే అప్పటిదాకా ఉన్నది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్‌తో నిమిషంలో ఎంపీ4గా మార్చుకోవచ్చు, నాణ్యత తగ్గదు. ఆట శబ్దం ఒక ట్రాక్‌లో, మీ గొంతు రెండో ట్రాక్‌లో, స్నేహితుల వాయిస్ ఛాట్ మూడో ట్రాక్‌లో విడివిడిగా రికార్డు చేయండి. అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోతే పేలుడు శబ్దం కింద నలిగిన మీ మాటను ఎడిటింగ్‌లో ఎవరూ బయటికి తీయలేరు. శాంపిల్ రేట్, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలో చెప్పే అంకె, విండోస్‌లోనూ ఓబీఎస్‌లోనూ ఒకటే, 48 కిలోహెర్ట్‌జ్ ఉండాలి. ఒకచోట 44.1, ఇంకోచోట 48 ఉంటే గంట రికార్డింగ్ చివరికి వచ్చేసరికి గొంతు వెనకబడటమో, మధ్యలో చిటపటలో రావచ్చు. ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తే తెర నల్లగా వస్తోందంటే చాలాసార్లు కారణం ఒకటే: ఆట ఒక గ్రాఫిక్స్ చిప్ మీద, ఓబీఎస్ ఇంకొకదాని మీద నడుస్తున్నాయి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రెండింటినీ సరిచూసుకోండి.

సర్వైవల్ గేముల్లో గడ్డి, ఆకులు, వాన ఎక్కువ. అప్‌లోడ్ అయ్యాక అవి ముద్దలా అలుక్కుపోతే మీ ఎడిటింగ్ తప్పు కాదు, యూట్యూబ్ కంప్రెషన్ అది. 1080పీలో తీసిన వీడియోను ఎక్స్‌పోర్ట్‌లో 1440పీకి పెంచి అప్‌లోడ్ చేస్తే, చూసేవాళ్లు 1440పీ ఎంచుకున్నప్పుడు ఎక్కువ బిట్‌రేట్ దొరికి తేడా కనిపిస్తుంది. 60 ఫ్రేముల 1080పీకి సెకనుకు 12 మెగాబిట్లు, 1440పీకి 24 మెగాబిట్లు యూట్యూబ్ సూచించే అప్‌లోడ్ అంకెలు.

పది గంటల రికార్డింగ్‌లో పనికొచ్చే క్షణాలు వెతకడానికే ఎడిటింగ్ సమయం అంతా పోతుంది. దానికో మొరటు చిట్కా ఉంది: మంచి సంఘటన జరగ్గానే మైక్ దగ్గర గట్టిగా ఒక చప్పట కొట్టండి. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో ఆ చోట శబ్దం గీత నిటారుగా లేస్తుంది, దూరం నుంచే కనబడుతుంది. ఓబీఎస్‌లో రీప్లే బఫర్‌ను 60 సెకన్లకు పెట్టుకుని హాట్‌కీ నొక్కినా గడిచిన నిమిషం విడి ఫైలుగా సేవ్ అవుతుంది. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది.

కాపీరైట్ విషయంలో మీరు భయపడి తొందరపడ్డారు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ యంత్రం మీ వీడియోలో ఎవరిదో పాటో దృశ్యమో గుర్తుపట్టింది. మామూలుగా ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళ్తుంది, కొన్నిసార్లు కొన్ని దేశాల్లో వీడియో కనిపించదు. ఛానెల్‌కు శిక్ష పడదు. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టప్రకారం తొలగించమని అడిగాడు, వీడియో తీసేశారు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది. స్ట్రైక్ పడ్డాక వీడియోను డిలీట్ చేసినా స్ట్రైక్ పోదు. క్లెయిమ్ వచ్చినప్పుడు డిలీట్ చేస్తే మీ వాచ్ గంటలే పోతాయి. స్టూడియోలో ఆ క్లెయిమ్ తెరిస్తే ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా పట్టుకుందో చూపిస్తుంది. అక్కడే ఆ ముక్క కత్తిరించడం, పాటను మ్యూట్ చేయడం, ఇంకో పాట పెట్టడం చేయొచ్చు. అది పూర్తయితే క్లెయిమ్ తొలగిపోతుంది. నిజంగా తప్పు క్లెయిమ్ అయితే డిస్ప్యూట్ వేయండి, అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. మీ దగ్గర హక్కు లేకుండా "ఫెయిర్ యూజ్" (అనుమతి లేకుండా వాడుకునేందుకు చట్టం ఇచ్చే మినహాయింపు) అని రాసి పంపితే మాత్రం అది స్ట్రైక్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. వివరణలో "కాపీరైట్ ఉల్లంఘన ఉద్దేశం లేదు" అని రాయడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

గేమ్ వీడియోల్లో క్లెయిములు ఎక్కువగా ఆటలో రేడియోలోనో కార్లోనో వినిపించే అసలు పాటల వల్ల వస్తాయి. ఆట తయారుచేసినవాళ్లు వాటిని ఆట కోసం కొనుక్కున్నారు, మీ వీడియో కోసం కాదు. ఇప్పుడు చాలా ఆటల ఆడియో సెట్టింగ్స్‌లో ఇలాంటి పాటలను ఆపే స్ట్రీమర్ మోడ్ ఉంటుంది. సైబర్‌పంక్ 2077లో కాపీరైట్ సంగీతాన్ని ఆపే మీట విడిగా ఉంది. కొత్త ఆట మొదలుపెట్టగానే ముందు అక్కడికి వెళ్లండి. ఇక ఆట దృశ్యాల హక్కు కంపెనీదే, వాళ్లు అనుమతిస్తున్నారు కాబట్టే ఈ వృత్తి నడుస్తోంది. షరతులు కంపెనీకి ఒక రకం. నింటెండో 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వీడియోలో మీ సొంత వ్యాఖ్యానమో సృజనో ఉండాలంది, ఉత్త గేమ్‌ప్లేను ఎక్కించవద్దంది. 2017లో పర్సోనా 5 విడుదలైనప్పుడు అట్లస్ కంపెనీ కథలో ఒక తేదీ దాటాక చూపించకూడదని కట్టడి పెట్టి, విమర్శలు రావడంతో సడలించింది. ఆట పేరుతో "వీడియో పాలసీ" అని వెతికి కంపెనీ సైట్‌లోనే చదవండి, ఐదు నిమిషాల పని. వ్యాఖ్యానం లేకుండా గంటల తరబడి ఆట ఒక్కటే చూపే వీడియోలకు యూట్యూబ్ మానిటైజేషన్ (ఆదాయానికి అనుమతి) దగ్గర కూడా చిక్కు వస్తుంది. మీ గొంతు ఉండటం అలంకారం కోసం కాదు.

డబ్బు లెక్క. ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గత 12 నెలల్లో 4,000 పబ్లిక్ వాచ్ గంటలు గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో గడిచిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. ఇదికాక 2023 నుంచి కింది మెట్టు ఒకటి ఉంది: 500 మంది, 90 రోజుల్లో 3 వీడియోలు, 3,000 గంటలు లేదా 30 లక్షల షార్ట్స్ వ్యూస్. ఇది అమల్లో ఉన్న దేశాల్లో ప్రేక్షకులే నేరుగా డబ్బిచ్చే మెంబర్‌షిప్, సూపర్ ఛాట్ లాంటివి తెరుచుకుంటాయి, ప్రకటనలు కాదు. మీకు ఈ కింది మెట్టుకు 1,100 గంటలు, పై మెట్టుకు 2,100 గంటలు కావాలి. 2,100 గంటలంటే 1,26,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున 3 నిమిషాలు చూస్తే 42,000 వ్యూస్ కావాలి, 6 నిమిషాలు చూస్తే 21,000 చాలు. వ్యూస్ రెట్టింపు చేయడం కంటే చూసే సమయం రెట్టింపు చేయడం మీ చేతిలో ఉన్న పని. గంటలు రోజురోజుకూ పాతబడి రాలిపోతుంటాయని కూడా గుర్తుంచుకోండి. ఏడాది కిందటి పార్ట్ 1 గంటలు ఇప్పటికే జారిపోతూ ఉండొచ్చు. "నువ్వు నాకు సబ్‌స్క్రైబ్ చెయ్, నేను నీకు చేస్తాను" బేరాలకు దిగకండి. అలా వచ్చినవాళ్లు వీడియో చూడరు.

మామూలు వీడియో ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం, మెంబర్‌షిప్, సూపర్ ఛాట్ లాంటివాటిలో 70 శాతం సృష్టికర్తకు వస్తుంది. ప్రతి వెయ్యి వ్యూస్‌కు చివరికి చేతికొచ్చేది ఆర్‌పీఎం. అది 1 డాలర్ అనుకుంటే లక్ష వ్యూస్‌కు 100 డాలర్లు. ఆర్థిక విషయాలు, వ్యాపారం చెప్పే ఛానెళ్లతో పోలిస్తే గేమింగ్‌కు ఇది సాధారణంగా తక్కువ; చూసేవాళ్లలో కొనే శక్తి ఇంకా లేని కుర్రాళ్లు ఎక్కువ కాబట్టి. 8 నిమిషాలు దాటిన వీడియోల మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చు. అలాగని ఐదు నిమిషాల విషయాన్ని ఎనిమిదికి సాగదీస్తే రిటెన్షన్ గ్రాఫ్ ఊరుకోదు. ప్రకటనల ధర ఏడాది చివర్లో పెరిగి జనవరిలో పడిపోతుంది. డిసెంబర్ ఆదాయం చూసి జీవితం మీద నిర్ణయం తీసుకోవద్దు.

మరి ఉద్యోగం ఎప్పుడు మానొచ్చు? ఈ నాలుగూ ఒకేసారి నిజమైనప్పుడు. వరుసగా ఆరు నెలలు, పన్ను పక్కన పెట్టాక ఛానెల్ ఆదాయం మీ నెల ఖర్చుకు సరిపోయింది, ఆ ఆరు నెలల్లో జనవరి కూడా ఉంది. ఆదాయంలో ఏ ఒక్క దారీ, అది ప్రకటనలైనా ఒకే స్పాన్సరైనా, సగానికి మించలేదు. పది నెలల ఖర్చు విడిగా బ్యాంకులో ఉంది. నాలుగోది చాలామంది చూసుకోరు: మీరు వేరే ఆట మీద మూడు వీడియోలు పెట్టినా, మీ మామూలు వ్యూస్‌లో కనీసం సగం నిలిచాయి. ఒకే ఆట మీద నిలబడ్డ ఛానెల్‌కు ఆ ఆట ఆదరణే ఆయుష్షు. ఆట పాతబడ్డా, ఒక చెడ్డ అప్‌డేట్‌తో ఆటగాళ్లు వెళ్లిపోయినా మీ తప్పు లేకుండానే వ్యూస్ పోతాయి. ఒక్కసారిగా మారితే పాత ప్రేక్షకులు నొక్కరు. కాబట్టి అదే తరహా ఆటల్లోకి, నాలుగు వీడియోలకు ఒకటి చొప్పున ఇప్పటి నుంచే అడుగు పెట్టండి. సర్వైవల్ నుంచి సర్వైవల్‌కు దాటడం తేలిక, సర్వైవల్ నుంచి ఫుట్‌బాల్ గేమ్‌కు దాటడం అంటే కొత్త ఛానెల్ పెట్టినట్టే.

వెయ్యి మంది దగ్గరపడగానే మీకు స్పాన్సర్ల పేరుతో మెయిళ్లు మొదలవుతాయి. "మా కొత్త గేమ్ బీటా ఆడి చూడండి" అంటూ పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు వస్తే తెరవకండి. పాస్‌వర్డ్ ఎందుకంటే యాంటీవైరస్ లోపలికి చూడలేకపోవడానికి. తెరిస్తే అది బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలను ఎత్తుకెళుతుంది. పాస్‌వర్డ్ తెలియకుండానే, రెండంచెల భద్రత ఉన్నా, మీ ఛానెల్‌లోకి దూరి పేరు మార్చి క్రిప్టో లైవ్ నడుపుతారు. ఆట తయారుచేసేవాళ్లు కీ ఇస్తారు, దాన్ని స్టీమ్ లాంటి స్టోర్‌లో మీరే వేసుకుంటారు. మెయిల్‌లో ఫైలు అక్కర్లేదు. విండోస్‌లో ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. "కాంట్రాక్ట్.పీడీఎఫ్" అనిపించేది నిజానికి .ఎస్‌సీఆర్ అయ్యుండొచ్చు. నిజమైన స్పాన్సర్ దొరికినప్పుడు నాలుగు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: డబ్బు ఎన్ని రోజుల్లో, ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చు, మీ వీడియోను వాళ్లు తమ ప్రకటనల్లో ఎంతకాలం వాడుకుంటారు, పోటీ ఆటల గురించి ఎన్నాళ్లు మాట్లాడకూడదు. వీడియో పెట్టేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ పెట్టెలో టిక్ పెట్టి, మాటల్లోనూ చెప్పండి. చాలా ఛానెళ్లను ఒక గొడుగు కిందికి తెచ్చే నెట్‌వర్క్‌లో చేరితే వ్యూస్ పెంచుతామనే కాంట్రాక్టులకు ఇప్పుడైతే దూరంగా ఉండండి. మీ ఆదాయంలో వాటా పోతుంది, బయటపడే గడువు సంవత్సరాల్లో ఉంటుంది.

వచ్చే 90 రోజులకు 12 వీడియోలు చాలు: ఎనిమిది సెర్చ్ వీడియోలు, నాలుగు సవాళ్లు. వారానికి ఒకటి కంటే తక్కువే. 90వ రోజున కొత్త పన్నెండింటి సగటు వీక్షణ సమయాన్ని పాత ఎనభై ఆరింటితో పోల్చండి. పెరిగితే ఇదే దారిలో ఇంకో 90 రోజులు. పెరగకపోతే ఆట మార్చకముందు మొదటి ముప్పై సెకన్లు మార్చండి. డిలీట్ చేసిన ఆ వీడియో అసలు ఫైలు మీ దగ్గర ఉంటే, పాట ఉన్న ముక్క తీసేసి కొత్తగా పెట్టుకోవచ్చు. అలాగే పన్నెండు భాగాల ముడి రికార్డింగులు డిస్కులో ఉంటే చోటు కోసం తుడిచేయకండి. మీ మొదటి 15 నిమిషాల వీడియోకు కొత్తగా ఆడనక్కర్లేదు. ఆ పది గంటల్లో మీరు దాదాపు ఓడిపోయిన చోటు ఒకటి ఉంటుంది, వెతికి అక్కడి నుంచి మొదలుపెట్టండి.